లోపల ఏముంది?

ఏప్రిల్ 4

వ్యాసం తిరిగొచ్చింది. కంప్యూటర్ తెర మీద కుడిపక్కంతా ఎర్ర గళ్ళు. ఒక్కో గడిలో ఎడిటరమ్మ గారి ఒక్కో ముక్క. "బాగుంది" అన్న మాట కోసం పైనుంచి కిందికి వెతికాను, కిందినుంచి పైకి వెతికాను. లేదు.

ఇప్పుడు రాస్తే బూతులొస్తాయి. రేపు రాస్తాను.

ఏప్రిల్ 5

ఒక రోజు ఆగితే చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. కాబట్టి రాసేస్తున్నాను.

గైడు పుస్తకం వేస్తున్నాం, ఈ ఊళ్ళో కాపురముంటున్నవాళ్ళే రాయాలి అని ప్రకటన ఇచ్చింది వాళ్ళు. నేనేమీ వాళ్ళ గుమ్మం ముందుకెళ్ళి దేబిరించలేదు. నమూనాకి ఒక పేజీ పంపిస్తే, "మీరే రాయండి మేడమ్, ఊరి నడిబొడ్డులో ఒక రోజు ఎలా గడపాలో రాయండి" అని ఫోన్ చేసి మరీ అడిగిందీ మనిషి. ఇది కుదిరితే మిగతా పేటలన్నీ నాకే ఇస్తానంది. పుస్తకం మీద నా పేరు ఉంటుందంది. ఇన్నేళ్ళొచ్చాక నా పేరు అచ్చులో చూసుకోవడం గురించి పైకి ఎవరితోనూ అనలేదు గానీ, ఆ ఫోన్ పెట్టేశాక వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటేనే తల కొట్టేసినట్టుంది.

ఏం తప్పు రాశానట? మ్యూజియం దగ్గర ఇలా రాశాను: "పొద్దున పూట మెట్లు చల్లగా ఉంటాయి. మధ్యాహ్నం దాటాక మెట్ల మీద నిలవలేరు, ఎడమ చివరి స్తంభం పక్కకు వెళ్ళండి, అక్కడ సాయంత్రం దాకా నీడ ఉంటుంది." ఏ గైడులో ఉంటుందండీ ఇంత పనికొచ్చే మాట? దాని పక్కన గడిలో ఏముందీ అంటే, "లోపల ఏముంది?"

గ్రంథాలయం గేటు దగ్గర కాపలా మనిషిని నవ్వుతూ అడిగితే తన స్టూలు ఇస్తాడని రాశాను. "లోపల ఏముంది?"

నాటకశాల వెనక సందులో నిలబడితే పాటల సాధన ఉచితంగా వినొచ్చని రాశాను. "లోపల ఏముంది?"

పాత కోర్టు. "లోపల ఏముంది?" పెద్ద హోటలు. "లోపల ఏముంది?" ఒకే మాట అన్నిసార్లు అంటే దాన్ని సలహా అనాలా, చెవిలో జోరీగ అనాలా? మ్యూజియంలో ఏముంటుంది, మ్యూజియమే ఉంటుంది. ఆ మాత్రం తెలీనివాళ్ళు ఊళ్ళు చూడ్డానికి బయల్దేరడం ఎందుకు?

ఇది చాలదన్నట్టు వాళ్ళకో పద్ధతి ఉందట. ఊరికి కొత్తవాణ్ణి ఒకణ్ణి పట్టుకుని, వ్యాసం చేతిలో పెట్టి, రాసింది రాసినట్టు చెయ్యమంటారు. రాయనిది ఒక్కటీ చెయ్యకూడదు. అతన్ని నడిచే మనిషి అంటారట. ఆ నడకవాడు కూడా చివర్న ఓ పేరా వెలగబెట్టాడు. అది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, ఎంత పొగరో తర్వాత నాకే గుర్తుండాలని.

"చెప్పిన దారులన్నీ సరిగ్గా ఉన్నాయి, ఎక్కడా తప్పిపోలేదు. కానీ రోజంతా బయటే ఉన్నాను. ఏ గుమ్మమూ దాటలేదు, దాటమని ఎక్కడా రాయలేదు కాబట్టి. కూర్చున్నది ఒక్క స్టూలు మీదే. సాయంత్రమయ్యేసరికి నేను ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. ఎవరూ రాలేదు."

ఎదురుచూపట. వాడి మొహం.

ఆయన డ్యూటీ నుంచి రాగానే అంతా ఏకరువు పెట్టాను. బూట్లు విప్పుకుంటూ విన్నారు. "ఎవరు వాళ్ళు నీకు చెప్పడానికి? నేను చదివాను కదా, బ్రహ్మాండంగా ఉంది. పట్టించుకోకు," అన్నారు. ఆ ఒక్క మాటతో కాస్త ప్రాణం లేచొచ్చింది. పోయిన నెల ప్రింటు తీయించి, పిన్ను కొట్టించి, టీతో పాటు ఆయన ముందు పెట్టాను. పై పేజీ మీద గుండ్రంగా టీ మరక తప్ప కాగితం నలగలేదు, పిన్ను దగ్గర మడత కూడా పడలేదు. అంత జాగ్రత్తగా చదివారు మనిషి. ఎడిటరమ్మకు చూపించాలి ఆ ప్రతిని, చదవడమంటే ఏమిటో తెలుస్తుంది.

ఏప్రిల్ 6

చెల్లెలు ఫోన్ చేసింది. దానికీ ఒక ప్రతి పంపాను, నా ఖర్మ.

"అక్కా, కోప్పడనంటే ఒకటి చెప్తాను."

"కోప్పడతాను. చెప్పు."

"చదువుతుంటే కాళ్ళు లాగాయే. మీ ఊళ్ళో ఇళ్ళకీ ఆఫీసులకీ తలుపులుండవా? ఎంతసేపూ గేటు దగ్గర, మెట్ల దగ్గర, చూరు కింద. వాన పడితే ఎక్కడ తడవకుండా నిలబడొచ్చో రాశావు గానీ, లోపలికి పొమ్మని రాయవేం?"

"నీకూ ఆవిడ డబ్బులిస్తోందా?"

"ఎవరు?"

ఫోన్ పెట్టేశాను. చిన్నప్పటి నుంచీ అంతే, దానికి నోటికెంతొస్తే అంత.

ఏప్రిల్ 7

ఏమీ రాయలేదు. గిన్నెలు తోమాను, అవసరానికి మించి చప్పుడు చేస్తూ.

ఏప్రిల్ 8

ఎడిటరమ్మకు జవాబు పంపాను. మర్యాద తప్పకుండానే గడ్డి పెట్టాను. ఈ నగరంలో కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగినదాన్ననీ, ఇక్కడ నేను చూడని వీధి లేదనీ, ఒక్క పూట నడిచినవాడి మాట నమ్మి నా మాట తీసిపారేస్తే ఇక స్థానికుల్ని అడగడం ఎందుకనీ రాశాను. మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేసింది.

"జవాబు చూశాను మేడమ్. ఒక్క సంగతి అడగొచ్చా? మీరు మ్యూజియం లోపలికి వెళ్ళారా?"

"ఎన్నోసార్లు వెళ్ళాను."

"లోపలికి?"

"మ్యూజియానికి."

బయట ఎవరిదో బండి స్టార్టవక ఏడుస్తోంది.

"నెలాఖరుకి పుస్తకం తుది ప్రతి ప్రెస్సుకి వెళ్ళాలి," అంది. "ఈలోగా లోపల ఏముందో రాసి పంపండి. లేకపోతే ఈ భాగం వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది. మీ నమూనా పేజీ నాకు బాగా నచ్చింది కాబట్టే ఇంతసేపు అడుగుతున్నాను."

గొంతులో కోపమన్నా ఉంటే తిరిగి అరిచేదాన్ని. అది కూడా లేదు. వయసులో నా చెల్లెలి కంటే చిన్నది, నన్ను చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. వేరేవాళ్ళకి ఇస్తుందట. ఇవ్వమను. ఆ వేరేవాళ్ళకి ఏ మూల ఏ పూట నీడ పడుతుందో తెలుసా?

వేరేవాళ్ళకి ఇవ్వదు. ఇవ్వనివ్వను.

ఏప్రిల్ 9

కూర్చున్నాను. "మ్యూజియం లోపల" అని రాశాను. తర్వాత "పాత వస్తువులు" అని రాశాను. కొట్టేశాను. "ఎన్నో పురాతన వస్తువులు" అని రాశాను. కొట్టేశాను.

ఎన్నోసార్లు వెళ్ళాననడం అబద్ధమేం కాదు. ఆయనది లిఫ్టుల తనిఖీ ఉద్యోగం. ఊళ్ళో నాలుగంతస్తులు దాటిన ప్రతి భవనంలోనూ, సర్కారుదైనా ప్రైవేటుదైనా, ఆయన సంతకం ఉన్న కాగితం లిఫ్టులో అద్దం కింద వేలాడుతుంది. సెలవు రోజుల్లో కూడా ఎక్కడో ఒకచోట ఎవరో ఇరుక్కుపోతారు, ఈయనకు ఫోనొస్తుంది. బజారుకెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా, ఊరికే గాలికి బయల్దేరినా, బండి మీద ఒకటే మాట. "దారిలో ఒక్కచోట ఆగుదాం. ఐదు నిమిషాలు." నేను దిగి నిలబడేదాన్ని. ఆయన లోపలికెళ్ళేవారు.

డ్యూటీ మీద వెళ్ళేటప్పుడు ఇంటివాళ్ళని వెంట తీసుకెళ్ళకూడదు. అది రూలు. అందులో ఆయన తప్పేం లేదు.

మ్యూజియానికి ఎవరైనా వెళ్ళొచ్చనుకో. టికెట్టు కొనుక్కుని నేనూ వెళ్ళొచ్చు. కానీ ఈలోగా ఆయన వచ్చేస్తే? కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి గ్రంథాలయంలోకి అలా తొంగి చూద్దామని వెళ్ళాను. బయటికొచ్చేసరికి ఆయన మొహం కందగడ్డలా ఉంది. నిలబడమన్నచోట నిలబడలేవా అని గేటు దగ్గర అందరి ముందూ అరిచారు. ఆయనకు కంగారెక్కువ, అంతే. అప్పట్నుంచీ నిలబడమన్నచోటే నిలబడ్డాను. దీన్ని పెద్ద విషయం చెయ్యక్కర్లేదు.

నిలబడ్డాను కాబట్టే కదా ఇంత తెలిసింది.

ఏప్రిల్ 11

ఆయనే అన్నారు, "లోపలి సంగతులు నన్నడుగు, నేను చెప్తా, నువ్వు రాసెయ్. నేను చూడని భవనముందా ఈ ఊళ్ళో?" ఈ ఉపాయం నాకెందుకు తట్టలేదో. కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఉత్సాహంగా కాళ్ళు చాపుకుని మొదలుపెట్టారు.

"రాసుకో. మ్యూజియం. రెండు లిఫ్టులు. ఒకటి జనానికి, ఒకటి సామాన్లకి. జనాల లిఫ్టు పాతది, ఇనుప జల్లి తలుపు, కటకటాల్లాంటిది, చేత్తో లాగాలి. మంచి కండిషన్లో ఉంది."

"వస్తువులేమున్నాయి?"

"వస్తువులా? ఉంటాయి, అద్దాల బీరువాల్లో. మోటారు గది మేడ మీదుంది, అక్కడికి మెట్లెక్కి వెళ్ళాలి."

"గ్రంథాలయం?"

"ఒకటే లిఫ్టు. పుస్తకాలు మొయ్యడానికి. మూడో అంతస్తు దగ్గర చిన్న కుదుపు ఉంటుంది, రెండుసార్లు నోటీసిచ్చాను."

"నాటకశాల?"

"తెర లేపే మోటారు నా పరిధి కాదు."

ఇంకోసారైతే పడీపడీ నవ్వేదాన్ని. నవ్వు రాలేదు. అన్నీ రాసుకున్నాను. అక్కడక్కడా నా మాటలు అతికి, బీరువాలు, జల్లి తలుపు, "చారిత్రక లిఫ్టు" అని పేరు కూడా పెట్టి, పంపేశాను. లోపల ఏముందో చెప్పమంది కదా, చెప్పాను.

ఏప్రిల్ 14

జవాబొచ్చింది. ఈసారి గళ్ళు లేవు. పైన ఒకే ఒక్కటి.

"ఇది ఎవరు రాశారు?"

కింద ఇంకాస్త ఉంది. "మీరు రాసింది కాదని రెండో వాక్యంలోనే తెలిసిపోయింది. మీ మొదటి ప్రతిలో నీడ గురించీ, స్టూలు గురించీ, వాన గురించీ ఉన్న వాక్యాలు ఒక్కటి కూడా తీసెయ్యకండి. మా మనిషి ఆ రోజు ఎండలో పడిపోకుండా ఉన్నాడంటే ఆ స్తంభం నీడ వల్లే. నేను అడిగింది వాటికి బదులుగా కాదు, వాటితో పాటు. దయచేసి మీరే వెళ్ళి చూసి రాయండి. మీకు ఇంకా టైముంది."

దయచేసి! మొదటిసారే ఈ ముక్క చెప్పి ఏడవొచ్చుగా? పొగడాల్సింది దాచుకుని, తిట్టాల్సింది ఎర్ర గళ్ళలో పెట్టి పంపుతుంది. ఇట్లాంటివాళ్ళకి పదవులెవరిస్తారో.

ఆ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. కోపం తగ్గిందని కాదు.

ఏప్రిల్ 15

టీ తాగుతుంటే ఆయన్ని అడిగాను. మామూలుగానే అడిగాను.

"నన్నెప్పుడూ బయటే ఎందుకు నిలబెట్టేవారు?"

"నేనెప్పుడు నిలబెట్టాను? నువ్వే నిలబడేదానివి."

"మీరు నిలబడమంటేనే కదా."

"లోపలికి వెళ్ళొద్దన్నానా ఎప్పుడైనా? ఒక్కసారన్నా అన్నానా, చెప్పు." పేపరు మడిచి పక్కన పెట్టి, "ఆ ఎడిటరు నీ బుర్ర పాడుచేస్తోంది. మానెయ్. నీకేం తక్కువైందిప్పుడు?" అన్నారు.

గ్రంథాలయం సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. అంటే "అది కూడా గుర్తుపెట్టుకున్నావా" అంటారు, గుర్తుండటం నా తప్పవుతుంది.

నువ్వే నిలబడేదానివట.

నువ్వే నిలబడేదానివట.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఎడిటరమ్మ మీద వచ్చింది అసలు కోపమే కాదు.

ఏప్రిల్ 17

ఇవాళ వెళ్ళాను. ఒక్కదాన్నే. చెప్పకుండా వెళ్ళాను. చెప్పి వెళ్ళాలన్న రూలేం లేదు కదా.

మెట్లెక్కుతుంటే కాళ్ళు వాటంతటవే ఎడమ చివరి స్తంభం వైపు పోబోయాయి. వాటినీ తిట్టాను. టికెట్ల మనిషి చిల్లర లేదని విసుక్కున్నాడు, నేను అంతకు రెట్టింపు విసుక్కున్నాను. పాపం, అతనేం చేశాడు.

లోపల ఏముందీ అంటే, మొదటి గదంతా తాళాలు. పిడికిలంత నుంచి నా నడుమంత ఎత్తు దాకా. ఒకదానికైతే తాళంచెవి కన్నమే లేదు, ఎలా తెరుస్తారని అడిగితే ఎవరికీ తెలీదు. రెండో గదిలో తూకపు రాళ్ళూ కొలపాత్రలూ. తర్వాత గదిలో ఎవరో పెద్దింటి పిల్లల బొమ్మల ఇల్లు, దాని కిటికీలకు నిజం తెరలు, లోపల గోరంత కుర్చీలు. వంగి చూస్తూ ఎంతసేపున్నానో తెలీదు. నడుం పట్టేసింది. జల్లి తలుపు లిఫ్టు కూడా కనిపించింది, అద్దం కింద ఆయన సంతకం. ఎక్కలేదు. మెట్ల మీదే వెళ్ళాను.

పై అంతస్తులో ఒక పొడుగాటి గది. అందులో పెద్ద కిటికీ, దాని ఎదురుగా చెక్క బల్ల. కూర్చోవడానికి. కూర్చున్నాను. కిటికీలోంచి కిందికి చూస్తే మొత్తం మెట్లు, ఎడమ చివరి స్తంభంతో సహా, అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తున్నాయి.

ఆ గది చూసుకునే ఆవిడ, నా ఈడుదే, తాళాల గుత్తి నడుముకు దోపుకుని వచ్చింది. నా వంక చూసి చూసి, "మిమ్మల్నెక్కడో చూశానండీ," అంది. తర్వాత తనే కిటికీ వైపు తిరిగి, "ఆ స్తంభం దగ్గర నిలబడేవారు కదూ? సంచీ పట్టుకుని?"

అవునన్నాను.

"ఎన్నోసార్లు అనుకున్నానండీ, ఇక్కడ బల్ల ఖాళీగా ఉంది, వచ్చి కూర్చోండి అని కబురు పెడదామని. ఎవరికోసమో చూస్తున్నారు, పిలిస్తే ఇబ్బంది పడతారేమోనని ఊరుకున్నాను."

ఎంత సులువుగా చెప్పేసిందో. ఈ బల్ల ఎప్పుడూ ఇక్కడే ఉంది. నేనూ ఎప్పుడూ అక్కడే ఉన్నాను. ఏడుపొచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, రాలేదు. ఆ బల్లని చేత్తో గట్టిగా చరిచాను. ఆవిడ కంగారుపడి, దోమలేం ఉండవండీ ఇక్కడ, అంది.

అప్పుడు ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావు? ఇంటికి తాళం వేసుంది."

"మ్యూజియంలో."

"అక్కడెందుకు? సరే, అటే వస్తున్నా. బయటికొచ్చి నిలబడు."

"లోపలున్నాను. మీరే నిలబడండి," అన్నాను. తర్వాత, ఎందుకో నోటికదే వచ్చింది, "ఐదు నిమిషాలు."

కాసేపటికి ఆయన బండి కిటికీలోంచి కనిపించింది. ఆపి, మెట్లెక్కి, సరిగ్గా మధ్యలో నిలబడ్డారు. మధ్యాహ్నం దాటింది, ఎండ నిలువునా కాలుస్తోంది. చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారారు. రుమాలు నెత్తిన వేసుకున్నారు. గుమ్మం వైపు చూశారు, గడియారం చూసుకున్నారు, మళ్ళీ మెడ తుడుచుకున్నారు.

నాలుగడుగులు ఎడమకు వేస్తే నీడ. స్తంభం పక్కన, ఇద్దరు మనుషులు హాయిగా నిలబడేంత నీడ.

ఊరికి కొత్తవాడు, నడకవాడు, వెతుక్కోకుండా నేరుగా వెళ్ళి నిలబడ్డాడు అక్కడ. ఎందుకంటే నేను రాశాను. రెండో పేజీలో రాశాను.

చాలాసేపు చూశాను. ఒకసారైనా ఎడమకు తిరుగుతారేమోనని. మర్చిపోయి ఉంటారులే, చదివినవన్నీ ఎవరికి గుర్తుంటాయి, అని నాకు నేనే చెప్పబోయాను. ఆ పిన్ను కళ్ళ ముందుకొచ్చింది. మడత పడని కాగితం. పై పేజీ మీద టీ మరక.

బ్రహ్మాండంగా ఉందట.

తాళాల గుత్తి ఆవిడ కూడా కిందికి చూసి, "పాపం ఎవరో ఎండలో నిలబడ్డారు. పక్కకు జరగమని చెప్పనా?" అంది.

"వద్దు," అన్నాను. "ఇంకా ఒక గది చూడాల్సింది ఉంది. ఎటువైపు?"

ఏప్రిల్ 22

మ్యూజియం భాగం పక్కన ఒక్క గడి కూడా లేకుండా వచ్చింది. బల్ల గురించి రాసింది యథాతథంగా ఉంచింది. పాత కోర్టు సరేనంది, గ్రంథాలయం సరేనంది, హోటల్లో కాఫీ ధర సరిచూసి పంపమంది. నాటకశాల పక్కన మాత్రం మళ్ళీ అదే. "లోపల ఏముంది?" ఈ మనిషికి అలుపూ సొలుపూ లేదు. రేపు ప్రదర్శనకు టికెట్టు తీసుకున్నానని రాస్తే, అది రాగానే మిగతా పేటల ఒప్పందం పంపుతానంది. ఒక్క "బాగుంది" మాత్రం ఇప్పటికీ అనలేదు. అనకపోతే పోయె. చదివింది.

ఆయన అడిగారు, "కొత్తది రాశావటగా, ప్రింటు తియ్యి, చదివి పెడతాను."

"పాతది చదివారు కదా. చాలు," అన్నాను.

రేపు నాటకశాలకు దింపుతానన్నారు, దారిలో ఒక్కచోట ఆగాలట. నేను నడిచి వెళ్తానన్నాను.

పాత ప్రతి ఇంకా ఆయన పేపర్ల కింద ఉంది. సాయంత్రం బయటికి లాగాను. పిన్ను గట్టిగా ఉంది, గోరు విరిగింది పీకేసరికి. రెండో పేజీ తీసి పైన పెట్టాను. దాని మీద ఆయన టీ పెట్టాను.